సుత్తి మీద తిరగేసిన అక్షరం

మా అమ్మాయికి 14 ఏళ్ళు. పోయిన వేసవిలో లైబ్రరీ నుంచి ఒక నవల తెచ్చుకుని రెండు రాత్రులు నిద్ర మానుకుని చదివింది. 1880ల నాటి మిషిగన్ అడవి, కలప కొట్టే క్యాంపు, అక్కడ వంటలో సాయానికి వచ్చిన అమ్మాయి, చెట్లు నరికే కుర్రాడు. అట్ట మీద బొమ్మ చూడగానే నాకు టెన్షన్ మొదలైంది. ప్రేమ అన్న మాట మా ఇంట్లో సినిమా పాటల్లో వినబడడమే తప్ప, ఎదురెదురుగా కూర్చుని ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పుస్తకం లాక్కుంటే ఇక నాతో ఏదీ చెప్పదేమోనని భయం వేసింది. శనివారం పొద్దున్నే కారెక్కించి, మూడు గంటల దూరంలో, మిషిగన్‌లోనే గ్రేలింగ్ ఊరి దగ్గరున్న హార్ట్‌విక్ పైన్స్ అనే అడవి పార్కుకి తీసుకెళ్ళాను.

అక్కడ పాత క్యాంపుల మాదిరిగా కట్టిన దుంగల ఇళ్ళలో మ్యూజియం ఉంది. మంచు మీద దుంగలు లాగడం తేలిక కాబట్టి చెట్లు కొట్టేది చలికాలంలోనే. రాత్రిపూట బండిదారి మీద నీళ్ళు చల్లితే తెల్లారేసరికి అద్దంలా గడ్డకట్టేది. దాని మీద టన్నుల బరువున్న దుంగల్ని గుర్రాలు లాగేవి. పల్లం వచ్చిన చోట జారకుండా గడ్డి, ఇసుక వేసేవారు. అది చాలకపోతే బరువంతా గుర్రాల మీదికీ తోలేవాడి మీదికీ వచ్చిపడేది. విరిగి పైన చిక్కుకుపోయి ఎప్పుడు పడతాయో తెలియని కొమ్మలకైతే ‘పెళ్ళాన్ని విధవ చేసేవి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. అది విని మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. “నవల్లో ఇది లేదమ్మా” అంది.

మంచు కరిగాక దుంగల్ని నదిలో వదిలేవారు. ఏ దుంగ ఎవరిదో తెలియడానికి చివర సుత్తితో గుర్తు కొట్టేవారు. ఆ సుత్తి చూసి నేను ఆగిపోయాను. మా తాతయ్య శబరి నది ఒడ్డున కూపుల్లో, అంటే అడవిలో కలప కొట్టే చోట్ల, గుమాస్తా. రాజమండ్రిలో అమ్మమ్మ ఇంట్లో అలాంటి సుత్తే ఉండేది. దాని మొహం మీద అక్షరం తిరగేసి ఉంటుంది, కొడితే సరిగ్గా పడుతుంది. అమ్మమ్మ దాంతో కొబ్బరికాయలు కొడితే, చిప్ప మీద అక్షరం పడిందేమోనని పిల్లలం వెతికేవాళ్ళం. తాతయ్య వాళ్ళకి చెట్టు కన్నా మన్యం జ్వరమంటేనే భయం. కూపుకి వెళ్ళినవాడు ఇంటికి తిరిగొస్తేనే వచ్చినట్టు.

బయట, నరకకుండా మిగిలిన 49 ఎకరాల ముసలి పైన్ చెట్ల కింద నడిచాం. కారెన్ హార్ట్‌విక్ కలప వ్యాపారి కూతురు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో చనిపోయిన భర్త ఎడ్వర్డ్ జ్ఞాపకంగా 1927లో 8,000 ఎకరాలకు పైగా రాష్ట్రానికి ఇచ్చేసింది. ఆ సంగతి చెప్పగానే మా అమ్మాయి అడిగింది.

“మరి తాతమ్మకి? తాతయ్యంటే లవ్వేనా?”

“పెద్దవాళ్ళు కుదిర్చిన పెళ్ళే.”

“నేనడిగింది అది కాదమ్మా.”

నాకు జవాబు తెలియదు. అక్కడే బెంచీ మీద కూర్చుని రాజమండ్రికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మా అమ్మనే అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది.

“ఇంట్లో నుయ్యి ఉండేదే. అయినా కూపుల నుంచి కలప తెప్పలు దిగే రోజుల్లో మీ అమ్మమ్మ బట్టలన్నీ గోదారి రేవుకే మోసుకెళ్ళేది. ఉతికినవే మళ్ళీ ఉతికేది.”

మా అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. “తాతయ్య తెప్ప కనిపించాక ఏం చేసేది అమ్మమ్మా?” అని అడిగింది, తెలుగులోనే.