నొప్పి ముందే పోయింది, కుంటు ఇంకా పోతోంది

పొద్దున్న మెలకువ రాగానే ఇంకా కళ్లు తెరవకముందే కుడి మోకాలు గుర్తొస్తుంది. రాత్రంతా కదలకుండా ఉండేసరికి పట్టేసి ఉంటుంది, దాన్ని నొప్పి అనను, బిగుతు అంటాను. మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ అయి నెలలు గడిచాయి కాబట్టి ఇప్పుడు ఆ బిగుతుకి భయపడటం లేదు. మంచం దిగకముందే మడమను పరుపు మీద ఆనించి మెల్లగా ఒంటివైపు లాక్కోవడం, మళ్లీ చాపడం, తర్వాత మోకాలి వెనక భాగాన్ని పరుపుకేసి నొక్కి తొడ ముందు కండరాన్ని బిగించి కాసేపు అలాగే ఉంచడం, పాదాలు పైకీ కిందికీ ఆడించడం. ఇవి చేశాక దిగితే మొదటి అడుగులు పర్వాలేదు. చేయకుండా దిగితే గది దాటేదాకా మోకాలు నా మాట వినదు.

ఈ పరుపుకేసి నొక్కడం గురించి కొంచెం చెప్పాలి. చూడటానికి వచ్చినవాళ్లంతా మోకాలు ఎంత వంగిందనే అడిగేవారు, "తొంభై వచ్చిందా, వంద వచ్చిందా" అని. వంగడం కావాలి, కాదనను. కానీ చదునైన నేల మీద మామూలుగా నడవడానికి మోకాలు ఓ 60, 65 డిగ్రీలు వంగితే సరిపోతుంది, మెట్లకు 80 నుంచి 90 పైన కావాలి, మామూలు కుర్చీలోంచి సులువుగా లేవాలంటే 90 దాటాలి. వీటన్నిటికంటే ముందు కాలు పూర్తిగా తిన్నగా చాపడం రావాలి. అది రాకపోతే ఎంత వంగినా కుంటు తప్పదు, ఎందుకంటే కొంచెం వంగి ఉండిపోయిన కాలు రెండో కాలికన్నా పొట్టిదైనట్టే లెక్క, పైగా దాని మీద నిలబడినంతసేపూ తొడ కండరం బిగబట్టుకునే ఉండాలి, నాలుగడుగులకే అలసిపోతుంది. అందుకే ఆసుపత్రిలో మోకాలి కింద దిండు పెట్టుకోనివ్వలేదు. అలా పెట్టుకుంటే ఎంత హాయిగా ఉంటుందో ఆపరేషన్ అయినవాళ్లకే తెలుస్తుంది. ఏ పక్కకు తిరిగినా సుఖం లేక, నిద్ర పట్టక, ఆ ఒక్క దిండు ఇస్తే చాలనిపించేది. ఇవ్వలేదు. మడమ కింద పెట్టారు, మోకాలి కింద ఖాళీ. ఇప్పుడు కాలు చాచినప్పుడు మోకాలి వెనక భాగం పరుపుకి తగులుతుంటే ఆ నర్సులకి మనసులోనే దండం పెట్టుకుంటాను.

ఇవాళ ఫిజియోథెరపీ ఉన్న రోజు. ఆ అమ్మాయి వచ్చీ రాగానే, "ఆంటీ, వ్యాయామాలు తర్వాత చేద్దాం, ముందు ఆ చివరిదాకా నడిచి రండి, వీడియో తీస్తాను" అంది. నడిచాను. వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసి ఫోన్ నా చేతికిచ్చింది.

నేను బాగానే నడుస్తున్నాననుకుంటున్నాను, నొప్పి లేదు కదా. వీడియోలో చూస్తే కుడి కాలు మీద బరువు పడ్డ ప్రతిసారీ ఒళ్లు మొత్తం ఆ పక్కకు ఒరుగుతోంది. ఆ కాలి మీద ఎక్కువసేపు నిలబడకుండా ఎడమ పాదాన్ని తొందర తొందరగా నేల మీద వేసేస్తున్నాను. కుడి మోకాలు వంగాల్సిన చోట వంగడం లేదు, దానికి బదులు కాలిని తుంటి దగ్గర్నుంచే ఎత్తి కొంచెం బయటికి తిప్పి వేస్తున్నాను. కుడి చెయ్యి అసలు ఊగడమే లేదు, నడుముకి అతుక్కుని ఉంది.

"నొప్పిగా ఉందా ఆంటీ?"

"లేదమ్మా."

"మరి కాలిని ఎందుకలా కాపాడుకుంటున్నారు?"

నాకు జవాబు వెంటనే తోచలేదు. ఆలోచిస్తే తెలిసింది, ఇది ఆపరేషన్ తర్వాత వచ్చిన నడక కాదు, అంతకుముందు ఏళ్ల తరబడి నేర్చుకున్న నడక. గుజ్జు అరిగిపోయి ఎముకకి ఎముక రాసుకుంటున్న రోజుల్లో ఏ కోణంలో అడుగు వేస్తే తక్కువ నొప్పి పుడుతుందో ఒళ్లు తనంతట తానే వెతుక్కుంది. మోకాలు వంచితే నొప్పి, కాబట్టి వంచకుండా నడిచింది. బరువు మోపితే నొప్పి, కాబట్టి మోపీ మోపకుండా దాటించింది. రోజుకి కొన్ని వేల అడుగులు, అన్నేళ్ల పాటు. సర్జన్ అరిగిన ఎముక చివరలు తీసేసి కొత్తవి అమర్చారు గానీ, మెదడు ఇంకా పాత మోకాలి లెక్కలోనే కాలు కదుపుతోంది.

దానికి తోడు కండరం సంగతి. ఆపరేషన్ అయిన మొదటి నెలలో తొడ ముందు కండరం బలం సగానికి పైగా పడిపోవచ్చట. వాడకపోవడం ఒక్కటే కారణం కాదు, కీలు వాచి ఉన్నంతకాలం నరాల వ్యవస్థ ఆ కండరానికి పూర్తి ఆజ్ఞ పంపకుండా తగ్గించేస్తుంది. మనం ఎంత గట్టిగా అనుకున్నా కండరం సగమే బిగుస్తుంది. మొదటి వారంలో కాలు చాచి ఉంచి మడమని పరుపు మీద నుంచి కాస్త పైకి లేపమంటే, నా కాలే కదా, నేనే కదా లేపేది, కానీ లేవలేదు. ఆ భయం నాకు బాగా గుర్తుంది. ఎవరైనా ఇప్పుడు ఆ దశలో ఉంటే వాళ్లకి చెప్పాలనుంది, అది మీ బద్ధకమో పిరికితనమో కాదండీ, వాపు తగ్గుతున్నకొద్దీ, రోజూ బిగిస్తున్నకొద్దీ కండరం మాట వినడం మొదలుపెడుతుంది.

ఇవాళ చేయించినవి కష్టమైనవేమీ కాదు. నేల మీద వరసగా తక్కువ ఎత్తు చెక్కదిమ్మలు పెట్టి ఒక్కోదాన్ని దాటుకుంటూ వెళ్లమంది. అక్కడ కాలు పక్కకు తిప్పి వేస్తే దిమ్మ తగులుతుంది, మోకాలు వంచక తప్పదు. తర్వాత అద్దానికి ఎదురుగా నడక: ముందు మడమ ఆనాలి, పాదం మొత్తం నేలకి రావాలి, చివర్లో బొటనవేలితో నేలని వెనక్కి తొయ్యాలి. ఇన్నాళ్లూ నేను పాదాన్ని మొత్తం ఒకేసారి పలకలా వేస్తున్నాను. రెండు కాళ్ల మీదా సమానంగా సమయం పడేలా ఆ అమ్మాయి చప్పట్లు కొడుతూ ఉంటే ఆ లయకి అడుగు వెయ్యాలి. కుడి కాలి మీద ఉన్నప్పుడు చప్పట్ల మధ్య ఎడం చాలా ఎక్కువున్నట్టు అనిపించింది, నిజానికి రెండూ ఒకటేనట. పెద్ద పెద్ద అడుగులు వద్దు, చిన్నవైనా సమానంగా వెయ్యండి అంది.

చేతికర్ర కూడా ఇంకా పూర్తిగా మానొద్దంది. నాకు మానెయ్యాలని తొందరగా ఉంది, ఎందుకుండదు. కర్ర లేకుండా వంగిపోయి ఒరిగిపోయి నడిచేకన్నా కర్రతో తిన్నగా నడవడమే మంచిది, లేకపోతే మళ్లీ ఆ ఒరుగుడే అలవాటైపోతుందని తన వాదన. సబబే. కర్ర ఆపరేషన్ కానివైపు చేతిలో, అంటే నాకు ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్న పక్కే పట్టుకుంటారు, అది మనకి సహజంగా తోచే పద్ధతి, కానీ అప్పుడు ఒళ్లు ఆ పక్కకే ఇంకా ఒరుగుతుంది. ఎదుటి చేతిలో ఉంటే కుడి కాలూ కర్రా కలిసి ముందుకి వెళ్తాయి, బరువు రెండింటి మీదా పంచుకుంటుంది, మామూలు నడకలో చెయ్యి ఊగే తీరుకి కూడా అది సరిపోతుంది.

మధ్యాహ్నానికి మోకాలు కొంచెం ఉబ్బింది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. పడుకుని కాలిని గుండెకన్నా ఎత్తులో పెట్టి, గుడ్డ చుట్టిన ఐస్ ప్యాక్ వేసుకున్నాను. ఈ వెచ్చదనం, వాపు కొన్ని నెలలు ఉంటాయని ముందే చెప్పారు, కొందరికి ఏడాది దాకా కూడా. ఎక్కువ నడిచిన రోజు సాయంత్రం ఉబ్బి మర్నాటికి తగ్గితే టెన్షన్ పడక్కర్లేదు. పిక్క గట్టిపడి నొప్పి పుట్టి వాచినా, ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా, మచ్చ దగ్గర ఎర్రబడి చీము కారినా, జ్వరం వచ్చినా మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాను.

మచ్చకి బయటివైపు చర్మం ఇంకా మొద్దుబారే ఉంది. కోత పెట్టేటప్పుడు ఆ చర్మానికి వెళ్లే చిన్న నరం కొమ్మలు తెగుతాయి, కొంత స్పర్శ తిరిగొస్తుంది, కొంత రాకపోవచ్చు. నడవడానికి దాంతో ఇబ్బందేమీ లేదు. నడుస్తుంటే అప్పుడప్పుడూ టక్ మంటుంది, అది మొదట్లో నన్ను బాగా కంగారు పెట్టింది. లోపల తొడ ఎముక చివర లోహపు తొడుగు, కింద కాలి ఎముక మీద లోహపు పళ్లెం, రెండింటి మధ్య పాలిథిలిన్ అనే గట్టి ప్లాస్టిక్. లోహం ప్లాస్టిక్‌కి తగిలినప్పుడు ఆ చప్పుడు. నొప్పీ వాపూ తోడు రాకపోతే అది మామూలే.

ఆ ప్లాస్టిక్ వెనక ఎంత కష్టం ఉందో చదివాక దాని మీద గౌరవం పెరిగింది. ఇంగ్లండులో జాన్ చార్న్లీ అనే సర్జన్ తుంటి కీలు మార్చడానికి ముందు టెఫ్లాన్ వాడారు, అది కొద్ది కాలానికే అరిగిపోయి, ఆ అరుగుడు పొడి వల్ల చుట్టూ ఉన్న కణజాలం దెబ్బతింది, చాలామందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. తర్వాత 1962 నుంచి పాలిథిలిన్‌తో చేస్తే అది నిలిచింది. మోకాలి కీళ్లకు కూడా అదే రకం ప్లాస్టిక్ వచ్చింది. 2019లో పెద్ద సంఖ్యలో రికార్డులు కలిపి చూసిన అధ్యయనం ఒకటి, పూర్తిగా మార్చిన మోకాళ్లలో 82 శాతం దాకా 25 ఏళ్లు పనిచేస్తాయని లెక్క తేల్చింది. ఐస్ ప్యాక్ కింద చల్లబడుతున్న మోకాలిని చూస్తూ ఇదంతా గుర్తు చేసుకున్నాను.

సాయంత్రం ఆయనతో కలిసి నడవడానికి వెళ్లాను. కర్ర ఎడమ చేతిలో. మొదట్లో మడమ, పాదం, బొటనవేలు అని లోపల పాఠం చెప్పుకుంటూ నడిచాను, అలా తలచుకుంటూ నడిస్తే నడక ఇంకా కొయ్యబారిపోతుంది. కాసేపటికి ఇంటి మరమ్మతుల సంగతేదో మాటల్లోకి వచ్చింది, ఆయన ఒకటంటే నేనొకటి అన్నాను, గొంతులు కూడా కాస్త లేచాయి. ఉన్నట్టుండి ఆయన ఆగి, "నువ్వు ఇవాళ నాతో సమానంగా నడుస్తున్నావు" అన్నారు.

"ఏవండీ, నిజంగానా?"

"ఇప్పటిదాకా నీకోసం ఎక్కడా ఆగలేదు."

ఏళ్లుగా ఈయన నాలుగడుగులు ముందుకెళ్లి, ఆగి, వెనక్కి తిరిగి చూసి, నేను చేరాక మళ్లీ కదిలేవారు. ఇద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇవాళ ఆయన ఆ మాట అన్నాక గొంతు పట్టేసింది, కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత మళ్లీ ఆ మరమ్మతుల గొడవే మొదలైంది.

మెట్లు మాత్రం ఇంకా నాకు పరీక్షే. మొదట్లో నేర్పిన పద్ధతి ఇది: ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు, పక్కన కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ చేరాక తర్వాతిది. ఎక్కడం ఇప్పుడు అడుగు మార్చి అడుగు వెయ్యగలుగుతున్నాను. దిగడమే కష్టం, పైమెట్టు మీదున్న కుడి కాలు ఒంటి బరువంతా పట్టుకుని మెల్లగా వంగుతూ నన్ను కిందికి దించాలి, దానికి తొడ కండరంలో ఇంకా చాలినంత పట్టు రాలేదు. ఇవాళ చివరి మెట్టు ఒక్కటి అలా దిగాను. వణికింది గానీ దింపింది.

రాత్రి ఇది రాస్తూ, పోయినసారి డాక్టర్ దగ్గర నింపమన్న కాగితం గురించి ఆలోచిస్తున్నాను. ఫర్గాటెన్ జాయింట్ స్కోర్ అని 2012లో వచ్చిన కొలత, మొత్తం 12 ప్రశ్నలు. ఎంత వంగుతుంది, ఎంత నొప్పి అని అడగరు అందులో. మంచం మీద పడుకున్నప్పుడు, కుర్చీలో కూర్చున్నప్పుడు, పావుగంటకి పైగా నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు మీ కీలు మీకు గుర్తొస్తోందా, ఎంత తరచుగా గుర్తొస్తోంది అని అడుగుతారు. ఆరోజు దాదాపు అన్నిటికీ ఎప్పుడూ గుర్తొస్తూనే ఉంటుంది అని పెట్టాను. ఇవాళ సాయంత్రం తగువు పడుతూ నడిచిన ఆ కాసేపు, నాకు మోకాలు గుర్తు లేదు. అంతసేపు అది గుర్తు రాకపోవడం ఎన్నేళ్ల తర్వాతో.

ఎడమ మోకాలు కూడా అరిగింది, ఎక్స్‌రేలో కనిపించింది, నొప్పి ఇంకా భరించగలిగేలాగే ఉంది. వచ్చే వారం డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు దాని గురించి మాట్లాడాలి. ఎప్పుడు చేయాలన్నది ఆయన చెప్తారు, కానీ ఈలోగా ఆ కాలి తొడ కండరానికి కూడా రేపట్నుంచే వ్యాయామం మొదలుపెడదామని ఫిజియో అమ్మాయిని అడిగాను, సరేనంది. ఎడమ పక్కకి కూడా ఒక కుంటు తయారవకముందే, అద్దం ముందు రెండు కాళ్లకీ కలిపి నడక నేర్పించమన్నాను.