తొలికోత యాపిళ్లు

సంతలో ఒక రైతు పెట్టెల మీద రాసిపెట్టిన నాలుగు పేర్లలో నేను అంతకుముందు రుచి చూసినది ఒక్కటీ లేదు: యెల్లో ట్రాన్స్‌పరెంట్, గ్రావెన్‌స్టీన్, జింజర్ గోల్డ్, పౌలా రెడ్. శీతల గిడ్డంగుల్లో నెలల తరబడి నిలవ ఉన్న యాపిళ్లకే అలవాటుపడిన నేను, ఒక్కో రకానికి మూడేసి పండ్ల చొప్పున తెచ్చుకున్నాను.

మొదట కోసింది యెల్లో ట్రాన్స్‌పరెంట్. అమెరికా వ్యవసాయ శాఖ 1870లో రష్యా నుంచి తెప్పించిన రకమిది. తొక్క ఎంత పల్చనంటే, సంచిలో పక్క పండు ఒరుసుకున్న చోటల్లా గోధుమరంగు మచ్చ పడింది. కొరకగానే పులుపు దవడల దాకా జివ్వుమని పాకింది. తీపి ఆ వెనుక ఎక్కడో లీలగా తగిలింది. నాకు ఆ పులుపే ఎంతో నచ్చింది. అయితే మిగిలిన రెండింటినీ బల్ల మీదే ఉంచి మూడో నాడు ఒకటి కోస్తే, కరకరలాడిన గుజ్జు కాస్తా పిండిపిండిగా మారిపోయింది.

తొలికోత రకాలు చాలావరకు పండే దశలో ఎథిలీన్ వాయువును ధారాళంగా విడుస్తాయి. దాని ప్రభావంతో కణాలను అతికిపెట్టి ఉంచే పెక్టిన్ సడలుతుంది. అప్పుడు పంటి కింద కణాలు పగిలి రసం చిమ్మవు, ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. రసం లోపలే ఉండిపోవడం వల్ల పండు ఎండిపోయిందనిపిస్తుంది. అందుకే ఈ పండ్లకు రుచి ఎంతో, కోసి ఎన్నాళ్లయిందన్నదీ అంతే ముఖ్యమని నా అభిప్రాయం.

గ్రావెన్‌స్టీన్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. పసుపు మీద ఎర్రని చారలున్న ఆ పండును కోయకముందే, తొడిమ గుంట దగ్గర ముక్కు పెడితే తేనెను తలపించే వాసన వచ్చింది. కొరికితే పులుపూ తీపీ సరిసమానంగా తగిలాయి. డెన్మార్క్ దీనిని 2005లో తమ జాతీయ యాపిల్‌గా ప్రకటించుకుంది. అయినా దీన్ని పెంచడం తేలిక కాదు: పండ్లన్నీ ఒకేసారి పండవు, తొడిమ పొట్టిది కావడంతో కోయకముందే రాలిపోతుంటాయి. అన్ని విడతలుగా కోసిన ఆ రైతు శ్రమను తలచుకుంటే పండు మరింత విలువైనదిగా తోచింది.

జింజర్ గోల్డ్ వర్జీనియాలో పుట్టింది. 1969లో కమీల్ తుపాను వరదకు ధ్వంసమైన తోటలో బతికించుకున్న చెట్ల మధ్య కనబడిన మొక్క ఇది. తీపి మృదువుగా ఉంది, కోసిన ముక్కలు చాలాసేపు తెల్లగానే ఉన్నాయి. కానీ మింగాక రుచి నాలుక మీద నిలవలేదు. పౌలా రెడ్ చక్కని ఎరుపు, తగుమాత్రం పులుపు, అంతే.

మిగిలిన యెల్లో ట్రాన్స్‌పరెంట్‌ను కాసిని నీళ్లతో పొయ్యి మీద పెడితే, గరిటె తిప్పే పని లేకుండానే నిమిషాల్లో మెత్తని గుజ్జయింది. చివరి గ్రావెన్‌స్టీన్‌ను ఫ్రిజ్‌లో దాచాను. ఐదో రోజున బయటికి తీసినప్పుడు వాసన అసలు తెలియలేదు. అరగంట బల్ల మీద ఉంచాక, తొడిమ గుంట దగ్గర మళ్లీ ఆ తేనె వాసన వచ్చింది.