ఎన్నిసార్లు అడుగుతోందో చూశావా?

నెదర్లాండ్స్‌లో మా ఆఫీసు సమావేశంలో ఒక సీనియర్ అందరి ముందే అడిగాడు: “ఈ పేజీ డేటాబేస్‌ను ఎన్నిసార్లు అడుగుతోందో చూశావా?” ఆ కోడ్ నేను చేరకముందు ఎవరో రాసింది. అయినా మాట పడింది నేను. మన పాలమూరులో అయితే పక్కకు పిలిచి, చాయ్ తాగుతూ చెబుతారు, నలుగురిలో నిలదీయరు. ఇక్కడివాళ్లకు అది మామూలే, నాకు మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది. ప్రశ్న సరైనదే కావడం వల్ల మరింత గుచ్చుకుంటోంది.

మేము వాడేది జాంగో, పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్. ఆర్డర్ తర్వాత చుక్క పెట్టి కస్టమర్ అని రాస్తే చాలు, డేటాబేస్‌ను అడిగే భాష ఎస్‌క్యూఎల్ సంగతి అదే చూసుకుంటుంది. చిక్కంతా ఆ సుఖంలోనే ఉంది. వంద ఆర్డర్లు తెచ్చి, లూప్‌లో ఒక్కోదాని కస్టమర్ పేరు అడిగితే 101 క్వెరీలు, అంటే డేటాబేస్‌కు ప్రశ్నలు, వెళతాయి: ఆర్డర్లకు ఒకటి, కస్టమర్లకు వంద. ఒక్కో సరుకుకూ ఒక్కోసారి బాదేపల్లి మార్కెట్‌కు పోయి వచ్చినట్టు. సెలెక్ట్_రిలేటెడ్ అని ముందే చెబితే రెండు పట్టికలనూ జాయిన్ చేసి, అంటే జతకలిపి, ఒక్క క్వెరీతో ముగిస్తుంది.

“మామా, మరి అన్నిటికీ అదే పెట్టేయొచ్చు కదా?” అని మొన్న మహబూబ్‌నగర్ నుంచి మేనల్లుడు ఫోన్‌లో అడిగాడు. కుదరదు. ఆర్డర్‌కు కస్టమర్ ఒక్కడే. కస్టమర్‌కు మాత్రం ఆర్డర్లు ఎన్నైనా ఉంటాయి. అటునుంచి జాయిన్ చేస్తే అతని వివరాలు ప్రతి ఆర్డర్‌తోనూ మళ్లీ మళ్లీ వస్తాయి. అందుకే అక్కడ ప్రీఫెచ్_రిలేటెడ్ వాడాలి. అది కస్టమర్ల ఐడీలన్నీ పోగుచేసి రెండో క్వెరీ పంపి, జత కలిపే పని పైథాన్‌లో చేస్తుంది.

నాకు ఎక్కువ నచ్చింది ఇంకొకటి. ఫారిన్ కీ, అంటే ఇంకో పట్టికలోని వరుసను చూపే గడి, ఖాళీగా ఉండొచ్చని మోడల్‌లో (పట్టిక రూపం చెప్పే కోడ్‌లో) రాసి ఉంటే, సెలెక్ట్_రిలేటెడ్ జత లేని వరుసలనూ ఉంచే లెఫ్ట్ అవుటర్ జాయిన్ వేస్తుంది. ఖాళీగా ఉండకూడదంటే జత ఉన్నవాటినే ఉంచే ఇన్నర్ జాయిన్. మేనల్లుడి కాలేజీ ప్రాజెక్టులో విద్యార్థులు, హాస్టల్ గదులు ఉన్నాయి. చేత్తో ఇన్నర్ జాయిన్ రాస్తే గది దొరకని పిల్లలు జాబితాలోంచే మాయమవుతారు, ఎర్రర్ కూడా రాదు. ఊళ్లో రేషన్ కార్డు ఉండి, పనికి పోయిన చోట ఏ కాగితమూ లేని వలస కూలీలను చూస్తూ పెరిగినవాణ్ణి, ఇది నాకు వట్టి సాంకేతిక విషయంగా తోచదు.

జాంగోలో మనం రాసే అడుగును క్వెరీసెట్ అంటారు, దానికి ఉన్న క్వెరీని ప్రింట్ చేయమని మేనల్లుడికి చెప్పాను. లెఫ్ట్ అవుటర్ జాయిన్ కనిపించిందన్నాడు. ప్రీఫెచ్ పంపే రెండో క్వెరీ అక్కడ కనపడదు, అందుకు జాంగో సెట్టింగుల్లో డీబగ్ ఆన్ చేసి, పంపిన క్వెరీలు నమోదయ్యే కనెక్షన్.క్వెరీస్ చూడాలి. అది కూడా చూసేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు.