ఎనిమిదిన్నర దాకా పొయ్యి వెలగని ఊరు

తిండి కోసమైనా ఈ ఊరు చూడాలని నాకు కనీసం నలుగురు చెప్పారు. ఆ నలుగురిలో ఒక్కరికీ పిల్లల్లేరు. ఈ సంగతి నాకు ఎప్పుడు తట్టిందంటే, సాన్ సెబాస్తియాన్ పాత ఊళ్ళో సాయంత్రం ఆరున్నరకి, ఆకలికి అలిగి రాళ్ళ మీద చతికిలబడిన ఐదేళ్ళ వాణ్ణి రెక్క పట్టుకుని లేపుతున్నప్పుడు.

స్పెయిన్‌లో, ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర ఉన్న ఈ ఊరికి రెండు పేర్లు. స్పానిష్‌లో సాన్ సెబాస్తియాన్, ఇక్కడివాళ్ళ సొంత భాష బాస్క్‌లో దొనోస్తియా. మేముండేది ఫ్రాన్స్‌లో, తులూజ్‌లో. బడులకి సెలవులిచ్చిన జులై మొదటి వారంలో రైలెక్కి సరిహద్దు ఊరు అందాయ్‌లో దిగి, స్టేషన్ పక్కనే ఉండే చిన్న బాస్క్ రైలు పట్టుకున్నాం. దాన్ని అందరూ తోపో అంటారు. తోపో అంటే నేలలో సొరంగాలు తవ్వుకుంటూ బతికే ఒక చిన్న జంతువు. దారిలో అన్నీ సొరంగాలే కనక రైలుకి ఆ పేరు. దాన్ని తెలుగులో ఏమంటారని మా పెద్దది అడిగితే పందికొక్కు అనేశాను. తప్పే. బొరియలు తవ్వేవాటిలో నాకు చప్పున గుర్తొచ్చింది అదొక్కటే. ఆ తర్వాత మా ఇంట్లో అది పందికొక్కు రైలే అయిపోయింది.

గది అద్దె గురించి ఎక్కువ మాట్లాడను. మూడు రాత్రులకి కట్టిన డబ్బుతో విశాఖ వెళ్ళే విమానం టికెట్టు ఒకటి సగం పైగా వచ్చేది. కిటికీ తెరిస్తే పక్కింటి వంటింటి పొగగొట్టం.

మొదటిరోజు పొద్దున్న పదకొండింటికి కోంచా బీచికి వెళ్ళాం. కోంచా అంటే ఆల్చిప్ప. సముద్రం నిజంగానే ఆల్చిప్ప ఆకారంలో ఊళ్ళోకి వచ్చి కూర్చుంది. రెండు కొసల్లో రెండు కొండలు, మధ్యలో నోటికి అడ్డంగా సాంతా క్లారా అనే చిన్న ద్వీపం. బయటి కెరటాలు ఇవన్నీ దాటుకుని లోపలికి వచ్చేసరికి అలిసిపోయి ఉంటాయి. నేను పుట్టి పెరిగింది విశాఖలో. ఆర్కే బీచిలో నీళ్ళు మోకాలు దాటితే చాలు, అమ్మ కేక జగదాంబ దాకా వినిపించేది. సముద్రం పక్కనే పెరిగి ఈత రాని బాపతు మేం. అలాంటిది ఇక్కడ మూడేళ్ళ పిల్లలు కూడా గంగాళంలో ఆడుకున్నట్టు ఆడుకుంటుంటే నాకూ ధైర్యం వచ్చింది. తీసుకెళ్ళిన దుప్పటి నీళ్ళకి దగ్గరగా, బ్రహ్మాండంగా ఖాళీగా ఉన్నచోట పరిచాం. జనమంతా వెనకాల గోడ దగ్గర ఎందుకు ఇరుక్కుని కూర్చున్నారో అర్థం కాలేదు. ఎండంటే భయమేమో అనుకున్నాం.

మా ఆయనా పెద్దదీ ఇసక మీదే నడుచుకుంటూ పక్కనున్న ఒందార్రెతా బీచికి వెళ్ళారు. రెండు బీచుల మధ్య రాతి ముక్కు ఒకటి ఉంది, దాని కింద నుంచి తడి ఇసక మీద హాయిగా పోవచ్చు. చిన్నోడు కోట కట్టడం మొదలెట్టాడు.

మా పక్కన మడత కుర్చీలో ఓ పెద్దాయన పుస్తకం చదువుకుంటున్నాడు. కాసేపటికి లేచి, కుర్చీ పది అడుగులు వెనక్కి జరుపుకుని మళ్ళీ చదువుకోసాగాడు. ఇంకాసేపటికి మళ్ళీ. మూడోసారి లేచినప్పుడు నాకేసి చూసి, నీళ్ళకేసి చూసి, కనుబొమలు ఎగరేశాడు. అప్పటికే కోట బురుజు ఒకటి కూలింది. చిన్నోడు సముద్రం వైపు అరచెయ్యి చాచి ఆగమంటున్నాడు. దుప్పటి, సంచీ, నీళ్ళ సీసా, తువ్వాళ్ళు రెండు చేతులతో ఎత్తుకుని నేను పరిగెత్తేలోపు వాడి చెప్పు ఒకటి పోయింది. కనిపిస్తూనే ఉంది, నీలం రంగుది, తీరిగ్గా తేలుతూ పోయింది. ఈత వచ్చినవాళ్ళయితే తెచ్చేవాళ్ళేమో.

మూడింటికల్లా బీచి సగానికి సగం లేదు. ఉన్న ఇసకలోనే అంతమందీ సర్దుకున్నారు, పండగకి ముందు జనరల్ పెట్టెలో సర్దుకున్నట్టు. విశాఖలో ఆటుకీ పోటుకీ నీటిమట్టం తేడా మీటరున్నర అటూ ఇటూ. ఎప్పుడు ఆటో ఎప్పుడు పోటో వేటకి వెళ్ళేవాళ్ళకి తప్ప మాకెవరికీ పట్టేది కాదు. ఈ తీరంలో పెద్ద పోటు రోజుల్లో తేడా నాలుగు మీటర్లు దాటుతుంది. అంటే మా తులూజ్ ఇంటి మేడ మెట్లన్నీ మునిగేంత. వెళ్ళేటప్పుడు ఇసక మీద వెళ్ళిన మా ఆయన వచ్చేటప్పుడు ఆ రాతి ముక్కు దగ్గర దారి లేక, పైకెక్కి, పాత రాణిగారి మిరమార్ ప్యాలెస్ కింది సొరంగంలోంచి రోడ్డు మీద వచ్చాడు. మళ్ళీ సొరంగమే అని పెద్దదానికి సంబరం. ఆటుపోట్ల వేళల కాగితం మా హోటల్ రిసెప్షన్‌లో అతికించే ఉంది. పొద్దున్న నేను ఆ కాగితానికే చేరగిలబడి తాళం అడిగాను.

ఇక ఆకలి సంగతి. చెప్పు పోయిన పిల్లాడికి 12 యూరోలు పెట్టి కొత్త చెప్పులు కొని, స్నానాలు చేసి, ఆరున్నరకి పాత ఊళ్ళోకి దిగాం. తులూజ్‌లో మాకు ఏడింటికి భోజనం అలవాటు. రెస్టారెంట్లు తెరిచే ఉన్నాయి, బల్లలు వేసే ఉన్నాయి, మనుషులు కూర్చునే ఉన్నారు. లోపలికి వెళ్ళి అడిగితే ఒకటే జవాబు, వంటగది ఎనిమిదిన్నరకి. రెండో చోటా ఎనిమిదిన్నరే. మూడోచోట అమ్మాయి గోడ గడియారం చూపించి నవ్వింది. తాగడానికి ఏం కావాలన్నా ఇస్తారు. వండింది మాత్రం ఎనిమిదిన్నరకే.

పించోలు ఉన్నాయిగా అంటారు మీరు. ఉన్నాయి. రొట్టె ముక్క మీద ఏదో ఒకటి పెట్టి పుల్ల గుచ్చి, బారు కౌంటరు నిండా పళ్ళాల్లో పేర్చి పెడతారు. నిలబడి తినాలి, తిన్నవి గుర్తుంచుకుని చివర్లో చెప్పి డబ్బులివ్వాలి. అలా ఓ బారులో రెండూ, ఇంకో బారులో రెండూ తింటూ ఊరంతా తిరగడమే ఇక్కడి రాత్రి భోజనం. ఇద్దరు స్నేహితులైతే స్వర్గమే. మా చిన్నోడికి కౌంటరు కింది చెక్క తప్ప ఏమీ కనపడదు. ఎత్తుకుంటే అన్నీ కావాలంటాడు, దించితే ఏడుస్తాడు. ఒక్కోటి 3 నుంచి 5 యూరోలు. వాడు ఒకటి కొరికి ఉమ్మేసి ఇంకోటి అడిగితే నా ప్రాణం రూపాయల్లోకి లెక్క కట్టేసుకుంది. ఆ లెక్క మానేసి చాలా ఏళ్ళయింది, అయినా.

మా ఆయన శాకాహారి, గుడ్డు వరకు సర్దుకుంటాడు. కూరగాయల శాండ్‌విచ్ అని రాసి ఉన్నది ధైర్యంగా అడిగి తీసుకున్నాడు. లోపల ట్యూనా చేప. ఇదేమిటంటే, కూరగాయలు కూడా ఉన్నాయిగా అని అమాయకంగా చూశారు. చివరికి ఆయనకి బంగాళాదుంప ఆమ్లెట్టూ, ఇదియాజాబల్ అనే గొర్రెపాల చీజూ దిక్కయ్యాయి. ఆ ఆమ్లెట్టు దిబ్బరొట్టె అంత మందాన ఉంటుంది, చాలా బాగుంటుంది, అది వేరే విషయం. నాకైతే హిల్దా దొరికింది. పుల్లకి ఒక ఆలివ్ కాయ, వెనిగర్‌లో ఊరిన పచ్చమిరపకాయలు, ఉప్పులో ఊరిన నెత్తళ్ళు. అవును, మన నెత్తళ్ళే. నోట్లో పెట్టుకోగానే ఉప్పూ పులుపూ కారం ఒక్కసారి తగిలి, ఇంత దూరం వచ్చాక తొలిసారి ఈ ఊరివాళ్ళకి తినడం తెలుసని ఒప్పుకున్నాను. నాలుగు తిన్నాను. పిల్లలు ఆకలితో ఉండగా తిన్నానని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

అక్కణ్ణించి వాళ్ళిద్దర్నీ ఈడ్చుకుంటూ కాన్‌స్తితుసియోన్ చౌక్‌లోకి వెళ్ళాం. నాలుగు వైపులా ఒకేలాంటి మేడలు, ప్రతి బాల్కనీ మీదా ఒక అంకె. ఒకప్పుడు ఈ చౌక్‌లో ఎద్దుల పోరు పెట్టేవారు, చూడ్డానికి బాల్కనీలు అద్దెకిచ్చేవారు, ఆ అంకెలు ఆనాటి సీటు నంబర్లు. పెద్దది లెక్కపెట్టడం మొదలెట్టింది. చౌక్ నిండా పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు చుట్టూ బల్లల దగ్గర గ్లాసులు పట్టుకుని కబుర్లలో ఉన్నారు. వెనకనుంచి ఎవరో పిల్ల "అమా!" అని గట్టిగా పిలిచింది. వెనక్కి తిరిగాను. నన్ను కాదు. నిమిషంలో ఇంకో మూల నుంచి "అమా, అమా!" మళ్ళీ తిరిగాను. "నిన్ను కాదమ్మా, వాళ్ళ అమ్మని" అంది పెద్దది విసుగ్గా. ఆకలి మీద ఉంది మరి.

పక్క బల్ల దగ్గర ఓ పెద్దావిడ మమ్మల్ని గమనిస్తోంది. మేం ఫ్రెంచిలో గొణుక్కోవడం విని ఫ్రెంచిలోనే పలకరించింది. పిల్లలెందుకు ఏడుస్తున్నారంది. ఆకలి, వంటగది ఎనిమిదిన్నరకట అన్నాను, కాస్త నిష్ఠూరంగానే. "అది సరే, వీళ్ళకి మెరియెందా ఏం పెట్టావు?" అంది. ఏమీ పెట్టలేదన్నాను. ఆవిడ ముఖంలో వచ్చిన భావం నాకు బాగా తెలుసు. పిల్ల చలికి తలకి గుడ్డ కట్టుకోకుండా బయటికొస్తే మా మామ్మ మా అమ్మకేసి చూసే చూపు. సంచీలోంచి రొట్టె తీసి, తుంచి, మధ్యలో చాక్లెట్ బిళ్ళ పెట్టి చెరొకటి ఇచ్చేసింది. నన్ను అడగనైనా లేదు. సాయంత్రం ఆరింటికి పిల్లలకి రొట్టే చాక్లెట్టో పెట్టాలట, అది తిని తొమ్మిదింటి దాకా ఆడతారట, అప్పుడు అన్నం. జులైలో ఇక్కడ పదింటికి గానీ చీకటి పడదు, ఏడింటికి లోపల కూర్చుని తినడానికి మీకేం వచ్చిందని ఆవిడ ఉద్దేశం.

నాకు కోపం వచ్చి ఉండాల్సింది. రాలేదు. ఎందుకంటే చిన్నప్పుడు విశాఖలో మా ఇంట్లోనూ అంతేగా. బడి నుంచి వచ్చేసరికి అటుకులో, ఉప్మాయో, పక్క సందు బండి మీది పునుగులో. తర్వాత కరెంటు స్తంభం కింద ఎనిమిదింటి దాకా ఆట. తొమ్మిదిన్నరకి నాన్న బ్యాంకు లెక్కలు ముగించుకుని వచ్చాక కంచాలు. ఏడింటికి అన్నం తినేది మా వీధిలో జ్వరం వచ్చినవాళ్ళే. తులూజ్ వచ్చిన ఏడెనిమిదేళ్ళలో, బడివాళ్ళు చెప్పారనీ పక్కవాళ్ళు అనుకుంటారనీ, ఏడింటి భోజనం నా మడి అయిపోయింది.

అమా అంటే వాళ్ళ భాషలోనూ అమ్మే, అంది ఆవిడ. నాన్నని ఐతా అంటారట. బాస్క్‌కి ఇటు ఫ్రెంచితో గానీ అటు స్పానిష్‌తో గానీ చుట్టరికం లేదు, ప్రపంచంలో ఏ భాషతోనూ ఉన్నట్టు ఇప్పటిదాకా తేలలేదు. ఇది కాకతాళీయమే అయ్యుండాలి. ఆవిడ మనవల్ని "ఎచెరా!" అని కేకేసింది. ఎచే అంటే ఇల్లు, ఎచెరా అంటే ఇంటికి. మనలాగే మాట చివర తగిలిస్తారన్నమాట. పెద్దది అది పట్టుకుని ఆ రాత్రంతా "ఎచెరా పోదాం" అంటూనే ఉంది.

రెండోరోజు సిరిమిరి. మొక్కలకి పిచికారీ కొట్టినట్టు పడే సన్నటి వాన, గొడుగుని లెక్కచేయదు, పక్కనుంచి వచ్చి తడుపుతుంది. అక్వేరియం చూశాం, ఇగెల్దో కొండ మీదికి 1912 నాటి తాడు రైలెక్కాం, పైన బొమ్మల కొలువులాంటి పాత ఎగ్జిబిషన్ ఒకటి ఉంది. పిల్లలకి వీటికన్నా బాగా నచ్చింది గాలి దువ్వెన. ఈ ఊరివాడే అయిన చిల్లిదా అనే శిల్పి సముద్రపు రాళ్ళకి బిగించిన మూడు ఉక్కు శిల్పాలవి, 1977 నుంచి ఉన్నాయి. శిల్పాలని మా వాళ్ళు తలెత్తి చూడలేదు. అక్కడి రాతి నేలలో బెజ్జాలున్నాయి, కింద కెరటం కొట్టినప్పుడల్లా వాటిలోంచి బుస్సుమని గాలీ నీళ్ళూ తంతాయి. నేల కింద పాముందని చిన్నోడు ఖాయం చేసుకున్నాడు. గంటన్నర నిలబడ్డాం, తడిసి ముద్దయ్యాం, పైసా ఖర్చు కాలేదు. ఆ సాయంత్రం ఆరింటికి నేనే రొట్టె కొని చాక్లెట్ పెట్టి ఇచ్చాను. తొమ్మిదింపావుకి తిన్నాం. చిన్నోడు పళ్ళెంలో తల పెట్టి నిద్రపోయాడు, అది కూడా మా చిన్నప్పుడు మామూలే.

చివరిరోజు పొద్దున్న రంగులరాట్నం ఎక్కిద్దామని దారి అడిగితే, హోటల్ అమ్మాయి "మున్సిపాలిటీ దగ్గర, తమరిందోల తోటలో" అంది. తమరిందో అంటే చింత. నాకు కాళ్ళు నిలవలేదు. తెల్ల రెయిలింగు పక్కనుంచి పోయి చూస్తే, వంకర తిరిగిన బోదెలు, పైన బూజులాంటి సన్నటి ఆకు. కాయా లేదు, చిగురూ లేదు. అమ్మకి వీడియో కాల్ చేసి, ఇక్కడ వీటిని చింతచెట్లంటున్నారు చూడమని చూపించాను. అక్కడ మధ్యాహ్నం రెండున్నర, అమ్మ కునుకు తీయబోతోంది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"చింతేమిటే నీ మొహం. సరుగుడు లాగుంది."

రంగులరాట్నం మీద పిల్లలంతా అరుస్తున్నారు. గుర్రం మా వైపు తిరిగిన ప్రతిసారీ ఒక పిల్ల చెయ్యి ఊపుతూ "అమా!" అంటోంది.

"ఎవరే ఆ పిల్ల? మనవాళ్ళు అక్కడ కూడా ఉన్నారా? ఏ ఊరివాళ్ళో కనుక్కున్నావా?" అంది అమ్మ.

కాదమ్మా అని చెప్పబోయేలోపు పెద్దది ఫోను లాక్కుంది. "అమ్మమ్మా, ఇక్కడ నిన్ను అమోనా అంటారు. ఇక్కణ్ణించి ఇంకా ముందుకి, బిల్బావో వైపు వెళ్తే ఏమంటారో తెలుసా, అమామా!"

"అమామా ఏమిటే, సరిగ్గా పలకడం నేర్పవే దానికి" అని అమ్మ నన్ను కోప్పడింది.