బాస్కెట్‌బాల్ కోర్టు నుంచి ఏళిమల నేవల్ అకాడమీకి: నా సీడీఎస్, ఎస్‌ఎస్‌బీ అనుభవం

"నేవీలో ఆఫీసర్ ఉద్యోగం స్పోర్ట్స్ కోటాలో వచ్చిందా అన్నా?" మెసేజ్ పెట్టే తమ్ముళ్లలో సగం మంది మొదట అడిగేది ఇదే. కాదు. నౌకాదళంలో స్పోర్ట్స్ కోటా ఎక్కువగా సెయిలర్ల భర్తీకే. సీడీఎస్ (త్రివిధ దళాల ఆఫీసర్ల భర్తీకి యూపీఎస్సీ పెట్టే పరీక్ష) రాసి ఆఫీసరుగా చేరాలంటే బాస్కెట్‌బాల్ సర్టిఫికెట్ల కట్టకు ఒక్క మార్కూ రాదు. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నేను కాలేజీ టీమ్‌లో పాయింట్ గార్డ్‌ని (ఆట నడిపిస్తూ పాసులివ్వాల్సినవాడిని), ఆఖరి రెండేళ్లు కెప్టెన్‌ని. నేవీలో ఇది పన్నెండో ఏడు. నిజం చెప్పాలంటే, ఆట నాకు సాయపడటం తర్వాతి సంగతి, ముందు బాగా అడ్డుపడింది. అదే రాస్తున్నాను.

రాత పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. నేవల్ అకాడమీకి ఇంగ్లిష్, జీకే, ఎలిమెంటరీ మేథ్స్ మూడు పేపర్లు. ఒక్కోటి 100 మార్కులు, రెండేసి గంటలు. మేథ్స్ పదో తరగతి స్థాయిదే కానీ, 120 నిమిషాల్లో 100 ప్రశ్నలు. మన తెలుగు పిల్లలకు అసలు గండం వేరే ఉంది. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) నెగెటివ్ మార్కులు ఉండవు కాబట్టి, మా రోజుల్లో చివరి రెండు నిమిషాల్లో మిగిలిన గడులన్నీ గుడ్డిగా దిద్దేసి వచ్చేవాళ్లం. ఇక్కడ తప్పుకి మూడో వంతు కోత. మొదటి మాక్ టెస్టులో అలా ఇరవై దిద్దితే నాలుగు తగిలాయి. వచ్చింది 4, పోయింది 5 పైనే. తెలియని ప్రశ్నను వదిలేయడం నాకు త్రికోణమితి కన్నా కష్టంగా వచ్చింది.

ఇక ఎస్‌ఎస్‌బీ, అంటే రాత పరీక్ష దాటినవాళ్లను పరీక్షించి ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు. మా రోజుల్లో నాకు భోపాల్ వచ్చింది. ఇప్పుడు విశాఖలోనే బోర్డు ఉంది, మీరు అదృష్టవంతులు. ఐదు రోజులు. మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే చాలామంది ఇంటిదారి పడతారు. నేను దాటాను, దాంతో గర్వం ఇంకొంచెం పెరిగింది.

వర్డ్ అసోసియేషన్‌లో, అంటే పదం చూపగానే తట్టిన వాక్యం రాసే పరీక్షలో, 60 పదాలు, పదానికి 15 సెకన్లు. 24 సెకన్లలోపు షాట్ వేయాలనే షాట్ క్లాక్‌కి అలవాటైన నాకు టైమ్‌తో టెన్షన్ లేదు. కానీ నా వాక్యాల్లో మూడింట ఒకటి బాస్కెట్‌బాలే! 'ఓటమి' అంటే మ్యాచ్, 'మిత్రుడు' అంటే టీమ్‌మేట్, 'రాత్రి' అన్నా ఫ్లడ్‌లైట్ల కింద ప్రాక్టీసే. చదివినాయన ఏమనుకున్నారో!

గ్రౌండ్‌లో ఇంకా ఘోరం. గ్రూప్ టాస్క్‌లో ఒక ప్లాంక్ (చెక్క పలక), ఒక బల్లీ (దుంగ), ఒక తాడు ఇచ్చి అడ్డంకి దాటమంటారు. నేను మొదటి నిమిషంలోనే ప్లాంక్ లాక్కున్నాను. సన్నగా ఉండే బిహార్ కుర్రాడు ఒకడు, "భాయ్, జానెడు తక్కువ పడుతుంది" అన్నాడు. నేను వినలేదు. ప్లాంక్ అవతలి అంచుకి సరిగ్గా జానెడు దూరంలో ఆగి, జారి కింద పడింది. జీటీఓ (గ్రౌండ్‌లో మమ్మల్ని పరీక్షించే ఆఫీసర్) తలెత్తకుండా ఏదో రాసుకున్నారు. ఇంటర్వ్యూలో, "విశాఖ వాడివి కదా, మీ షిప్‌యార్డులో కట్టిన మొదటి ఓడ పేరేంటి?" అని అడిగారు. ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) స్కోర్లు నోటికి వచ్చు, ఇది రాదు. జవాబు జల ఉష. 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించారు. ఆ పేరు ఇక చచ్చినా మర్చిపోను. ఆఖరి రోజు కాన్ఫరెన్స్ తర్వాత చదివిన, ఎంపికైనవాళ్ల నంబర్లలో నా చెస్ట్ నంబర్ లేదు.

ఇంటికొచ్చి కాలేజీ పీడీ సార్‌కి ప్లాంక్ కథ చెప్పాను. ఆయన నవ్వి, "ఒరేయ్, నిన్ను పాయింట్ గార్డ్‌గా పెట్టింది పాస్ ఇస్తావని. నువ్వేమో నాలుగేళ్లూ బాస్కెట్ కిందికే పరిగెత్తావు" అన్నారు. కోపం వచ్చింది. మా పాత మ్యాచ్ వీడియో ఒకటి తీసి చూశాను. మావాడొకడు ఖాళీగా చెయ్యెత్తి నిలబడ్డా, నేను ముగ్గురి మధ్యలోంచి లేఅప్‌కి (బాస్కెట్ దగ్గరికి దూసుకెళ్లి వేసే షాట్) వెళ్తున్నాను. అదే ప్లాంక్, అదే నేను.

ఆర్నెల్లు కోచింగ్‌కి వెళ్లలేదు. సాయంత్రాలు జూనియర్లతో ఆడుతూ, షాట్ వేయకూడదని నాకు నేనే రూల్ పెట్టుకున్నాను. పాసులే. రోజూ పేపర్ చదివాను, పోర్టు, షిప్‌యార్డు, తూర్పు నౌకాదళం గురించి దొరికిందల్లా చదివాను. రెండోసారి ఎస్‌ఎస్‌బీ గ్రౌండ్‌లో నేను పట్టుకున్నది తాడు కొస. ప్లాంక్ ఎవరి చేతిలో ఉందో గుర్తు కూడా లేదు.

ఈసారి ఇంటర్వ్యూలో, బాస్కెట్‌బాల్ ఆడి నేవీకి వెళ్లినవాళ్లెవరైనా తెలుసా అన్నారు. డేవిడ్ రాబిన్సన్ గురించి చెప్పాను. 1987లో అమెరికా నేవల్ అకాడమీ నుంచి బయటికొచ్చి, రెండేళ్లు నేవీలో పనిచేసి ఎన్‌బీఏకి వెళ్లాడు. ఏడడుగుల పైన ఎత్తు, ముద్దుపేరు అడ్మిరల్. "నువ్వూ రెండేళ్లకే పోతావా?" అన్నారాయన. "నా ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు సార్, ఎవరూ పిలవరు" అన్నాను. నవ్వారు.

ఎస్‌ఎస్‌బీలో రికమెండ్ అయ్యాక (ఎంపికయ్యాక) మెడికల్స్‌లో ఆపేశారు. మోకాలికో మడమకో అనుకున్నారా? చెవిలో గులిమి! టెంపరరీ రిజెక్ట్, మళ్లీ చూపించుకోవడానికి 42 రోజులు. వెళ్లేముందే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లి శుభ్రం చేయించుకోండి.

ఇంకొకటి, ఈత. ఆర్కే బీచ్ ఒడ్డున పెరిగినా నాకు ఈత రాదు. విశాఖలో నాలాంటివాళ్లు బోలెడు, అలల భయం అలాంటిది. ఏళిమల అకాడమీలో ఈత తప్పించుకోలేం, ఎత్తైన బోర్డు మీంచి దూకడమూ తప్పదు. మొదటిరోజు నేను పైన రెయిలింగ్ పట్టుకుని నిలబడితే, కింద నీళ్లలోంచి ఒకడు అరిచాడు: "భాయ్, జానెడే ఉంది, దూకు!" పైనుంచి మొహం సరిగా కనిపించలేదు గానీ గొంతు గుర్తుపట్టాను. ఆ బిహార్ కుర్రాడే. నాకన్నా ఆర్నెల్లు సీనియర్.