ఓఓటీపీలో డ్రాఫ్ట్: స్కౌట్ చెప్పిన అంకెను ఎంతవరకు నమ్మాలి

ఔట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ (ఓఓటీపీ) ఒక జట్టును మీరే నడిపే కంప్యూటర్ ఆట. అందులో డ్రాఫ్ట్ తెర, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోటు, తెరవగానే ఒక కుర్రాడి పేరు పక్కన 'పొటెన్షియల్ 70' అని ఉంటుంది, అంటే 20 నుంచి 80 వరకున్న కొలతలో అతను ఎంతదాకా ఎదగగలడో చెప్పే అంకె. అది ఆ కుర్రాడి సత్తా కాదు, అతని గురించి మీ స్కౌట్ (కుర్రాళ్లను పరిశీలించి అంచనా వేసే ఉద్యోగి) అభిప్రాయం. అసలు అంకె ఆట లోపల ఎక్కడో దాగి ఉంటుంది, మీకు కనిపించేది దాని చుట్టూ అటూ ఇటూ ఊగే అంచనా. ఓఓటీపీలో డ్రాఫ్ట్ బాగా చేయడమంటే ఆ అంచనాలో తప్పు ఎంత ఉండొచ్చో లెక్కగట్టి, దాన్ని బట్టి ధర కట్టడమే. మిగతా మెళకువలన్నీ దీని తర్వాతే.

ఐపీఎల్ వేలం చూసి ఈ ఆటలోకి వచ్చే మనవాళ్లకు ముందుగా ఒక తేడా చెప్పాలి. వేలంలో కొనేది రేపు మైదానంలో దిగే ఆటగాణ్ని. డ్రాఫ్ట్‌లో ఎంచుకునేది హైస్కూల్ ముగించిన 18 ఏళ్ల పిల్లల్ని, కాలేజీలో మూడో ఏడాది పూర్తిచేసిన 21 ఏళ్లవాళ్లను. వాళ్లలో చాలామంది అమెరికా బేస్‌బాల్‌లో పైమెట్టు అయిన మేజర్ లీగ్ దాకా రారు, కింద ఉండే మైనర్ లీగ్‌లలోనే ఆగిపోతారు. వచ్చేవాళ్లకు కూడా సాధారణంగా మూడు నాలుగేళ్లు పడుతుంది. మేజర్ లీగ్ బేస్‌బాల్ ఈ పద్ధతిని 1965లో మొదలుపెట్టింది. 2021 నుంచి 30 జట్లు 20 రౌండ్ల పాటు వరుసగా ఎంచుకుంటున్నాయి. అంటే ఏటా 600 మందికి పైగా. మేజర్ లీగ్ నమూనాలో ఆడితే ఓఓటీపీలోనూ లెక్క ఇంచుమించు ఇంతే.

ఇప్పుడు తప్పుల సంగతి. స్కౌట్ ప్రతి కుర్రాణ్ని ఓ పది పాయింట్లు ఎక్కువో తక్కువో చూస్తాడనుకుందాం. జాబితాలో నిజంగా 60 ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు, నిజంగా 75 ఉన్నవాళ్లు ఒకరో ఇద్దరో. కాబట్టి తెరమీద 75 అని కనిపించే కుర్రాడు, 65ను స్కౌట్ పొరపాటున పెంచి చూసినవాడు అయ్యే అవకాశమే ఎక్కువ. జాబితాను పొటెన్షియల్ వారీగా వరుసపెట్టి పైనున్నవాణ్ని తీసుకునేవాళ్లు తమకు తెలియకుండానే, తమ స్కౌట్ అందరికంటే ఎక్కువగా పొరబడిన పేరును ఏరుకుంటున్నారు. ఏటా ఇలాగే చేసి 'నా మొదటి రౌండ్ కుర్రాళ్లంతా ఏడాదికే పడిపోతున్నారు, ఆటలో ఏదో లోపం ఉంది' అంటారు. లోపం ఆటలో లేదు. కొత్త నివేదికలు వచ్చేకొద్దీ అంచనా అసలు విలువ దగ్గరికి వచ్చి నిలుస్తుంది, అంతే.

దీనికి విరుగుడు ఆటలోనే ఉంది. మీ స్కౌట్ అభిప్రాయంతో పాటు ఓఎస్ఏ అనే తటస్థ సంస్థ అభిప్రాయాన్నీ ఓఓటీపీ చూపిస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టండి. మీ స్కౌట్ 70 అని, ఓఎస్ఏ 50 అని అంటే ఆ కుర్రాణ్ని నేను 57, 58 దగ్గర పెడతాను. ఇద్దరూ 60 అన్నవాణ్ని అతనికంటే ముందే తీసుకుంటాను. ప్రతి నివేదిక మీద దాని కచ్చితత్వం ఎంతో రాసి ఉంటుంది. 'చాలా తక్కువ' అని ఉన్న పెద్ద అంకెను చూసి మనసు పారేసుకోవద్దు. విడిగా స్కౌట్‌ను పంపే అవకాశాన్ని మీ వంతుకు మిగిలే పేర్ల మీద ఖర్చుపెట్టండి. మీది 20వ వంతు అయితే, అందరూ మొదటి ముగ్గురిలో ఒకడని చెప్పే కుర్రాడి మీద మరో నివేదిక తెప్పించడం వృథా. 15 నుంచి 45 మధ్య పోయేలా ఉన్నవాళ్లను చూడమనండి.

స్కౌటింగ్ డైరెక్టర్‌ను పెట్టుకునేటప్పుడు చూడాల్సింది మొత్తం రేటింగ్ కాదు, అమెచ్యూర్ (హైస్కూల్, కాలేజీ ఆటగాళ్ల) విభాగంలో అతని రేటింగ్. అతని మొగ్గు కూడా చూడాలి. 'టూల్స్' వైపు మొగ్గేవాడు భవిష్యత్తును ఎక్కువ చేసి చెబుతాడు, 'ఎబిలిటీ' వైపు మొగ్గేవాడు ఇప్పటి ఆటకు ఎక్కువ విలువ ఇస్తాడు. ఎవరైనా ఫర్వాలేదు, ఎటు మొగ్గుతాడో తెలిస్తే దాన్ని బట్టి సరిచేసుకోవచ్చు. స్కౌటింగ్ బడ్జెట్‌ను మేజర్, మైనర్, అంతర్జాతీయ, అమెచ్యూర్ విభాగాలకు శాతాల్లో పంచాలి. జట్టును కొత్తగా కట్టుకుంటున్నవాళ్లు మేజర్ లీగ్ వాటా తగ్గించి అమెచ్యూర్ వాటా పెంచడం మంచిదని నా అభిప్రాయం. మేజర్ లీగ్ ఆటగాళ్లకు ఎలాగూ ఏళ్లకేళ్ల గణాంకాలుంటాయి, హైస్కూల్ పిల్లవాడికి అలాంటి ఆధారం ఉండదు.

ఇక కుర్రాణ్ని చదవడం. పేరు పక్కన రేటింగ్‌గా చూపే నక్షత్రాలను పక్కన పెట్టి లోపలి అంకెలు చూడండి. సెట్టింగ్‌ను బట్టి ఆ నక్షత్రాలు అదే పొజిషన్‌లో ఉన్నవాళ్లతో పోల్చి ఇచ్చినవి కావచ్చు. అప్పుడు నాలుగు నక్షత్రాల ఫస్ట్ బేస్‌మన్, నాలుగు నక్షత్రాల షార్ట్‌స్టాప్ ఒకటి కారు. 20 నుంచి 80 వరకున్న కొలతలో 50 అంటే మేజర్ లీగ్ సగటు. హిట్టర్‌లో మొదట కాంటాక్ట్ (బంతికి బ్యాట్ తగిలించడం), తర్వాత 'ఐ' (ఏ బంతిని వదలాలో తెలిసిన చూపు), ఆపైన పవర్ (దూరం కొట్టే బలం). పవర్ 70 ఉండి కాంటాక్ట్ పొటెన్షియల్ 35 దగ్గర ఆగేవాడు మైనర్ లీగ్‌లోని డబుల్ ఏ స్థాయి దాకా హోమ్ రన్లు కొడుతూ ఊరిస్తాడు, పైకి వెళ్లాక స్ట్రైకౌట్లలో మునిగిపోతాడు. కుడిచేతి, ఎడమచేతి పిచర్ల (బంతి విసిరేవాళ్ల) మీద విడివిడి రేటింగులు చూడటం మరవొద్దు. పిచర్లలో కుడిచేతివాళ్లే ఎక్కువ కాబట్టి వాళ్ల మీద వచ్చే అంకెకే బరువు ఎక్కువ.

ఫీల్డింగ్ విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. బ్యాటింగ్ పొటెన్షియల్ ఊగినంతగా ఫీల్డింగ్ అంకె ఊగదు. ఇన్‌ఫీల్డ్ రేంజ్ (బంతిని అందుకునే పరిధి) 65, ఆర్మ్ (విసిరే బలం) 60 ఉన్న షార్ట్‌స్టాప్ బ్యాటింగ్‌లో అనుకున్నంత ఎదగకపోయినా సెకండ్ బేస్‌కో థర్డ్ బేస్‌కో మారి జట్టులో నిలుస్తాడు. ఫస్ట్ బేస్‌మన్ బ్యాట్ విఫలమైతే అతన్ని ఉంచడానికి ఇంకో చోటు లేదు. అందుకే మొదటి రెండు రౌండ్లలో ఫస్ట్ బేస్‌మన్‌ను తీసుకోవాలంటే అతని బ్యాట్ మీద స్కౌట్, ఓఎస్ఏ ఇద్దరూ ఏకీభవించాలి. ఎడమచేత్తో బంతి విసిరేవాడికి దారులు ఇంకా తక్కువ: ఔట్‌ఫీల్డ్, ఫస్ట్ బేస్, లేదా పిచింగ్. క్యాచర్ల విషయంలో ముందు వాళ్ల క్యాచింగ్ రేటింగ్ చూడండి. అది 40 దగ్గరుంటే అతను త్వరలో ఫస్ట్ బేస్‌కు వెళ్లేవాడే, ఆ ధరే కట్టండి.

పిచర్లలో స్టఫ్ (బంతి పదును), మూవ్‌మెంట్ (బంతి తిరుగుడు), కంట్రోల్ (గురి) మూడూ సరే, స్టార్టర్ (ఆట మొదలుపెట్టి ఎక్కువసేపు విసిరేవాడు) అవుతాడా కాడా అన్నది తేల్చేవి మాత్రం స్టామినా, పిచ్‌ల (విసిరే బంతి రకాల) సంఖ్య. నా కొలత ఇది: స్టామినా కనీసం 45, పొటెన్షియల్ 45 దాటే పిచ్‌లు కనీసం మూడు. ఫాస్ట్‌బాల్, స్లైడర్ మాత్రమే ఉన్నవాడికి ఆ రెండూ 70 అయినా అతను మధ్యలో వచ్చి కాసేపు విసిరే రిలీవరే, రిలీవర్‌కు మొదటి రౌండ్ ఖర్చు చేయకూడదు. ఛేంజప్ (వేగం తగ్గించి విసిరే బంతి) మూడో పిచ్‌గా ఎదుగుతోందా అన్నది ప్రత్యేకంగా చూడండి. ఇప్పటి కంట్రోల్ 20, పొటెన్షియల్ 55 అని ఉన్న హైస్కూల్ పిచర్ కనిపిస్తే ఆ 55లో పది తీసేసి ఆలోచిస్తాను. ఎదగాల్సిన దూరం ఎంత ఎక్కువైతే మధ్యలో ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ. పైగా పిచర్ మోచేయి ఎప్పుడూ ప్రమాదంలోనే ఉంటుంది. టామీ జాన్ శస్త్రచికిత్స అంటే ఏడాది పైగా పోయినట్టే. 'ఫ్రాజైల్' (తేలిగ్గా గాయపడేవాడు) అని రాసి ఉన్న పిచర్‌ను, మిగతా అంకెలు ఎంత బాగున్నా, రెండు రౌండ్లు కిందికి దించుతాను. రెండు పేర్లు సమానంగా ఉన్నప్పుడు వర్క్ ఎథిక్, ఇంటెలిజెన్స్ ఎక్కువున్నవాణ్ని తీసుకోండి. ఈ ఆటలో ఆ రెండూ ఎదుగుదలను నిజంగా ప్రభావితం చేస్తాయి.

హైస్కూలా, కాలేజీనా అన్న వాదన ఎప్పటికీ తెగదు. 21 ఏళ్లవాడికి ఇప్పటి రేటింగ్, పొటెన్షియల్ దగ్గరగా ఉంటాయి కాబట్టి తప్పు జరిగే జాగా తక్కువ. 18 ఏళ్లవాడు రెండు వైపులా దూరం వెళ్లగలడు. లీగ్ సెట్టింగ్స్‌లో 'టాలెంట్ ఛేంజ్ రాండమ్‌నెస్' మామూలుగా 100 ఉంటుంది. దాన్ని పెంచిన లీగ్‌లో హైస్కూల్ జూదం ఇంకా పెద్దదవుతుంది, తగ్గించినచోట స్కౌట్ మాటను కాస్త ఎక్కువ నమ్మొచ్చు. డ్రాఫ్ట్‌కు ముందే ఈ అంకె చూసుకోండి. నా మటుకు మొదటి రౌండ్‌లో కాలేజీ హిట్టర్, మూడు నుంచి ఆరో రౌండ్ వరకు హైస్కూల్ షార్ట్‌స్టాప్‌లు, సెంటర్ ఫీల్డర్లు.

డబ్బు లెక్క తెలియకపోతే పైన చెప్పిందంతా వృథా. అసలు మేజర్ లీగ్‌లో 2012 నుంచి మొదటి పది రౌండ్లలో ప్రతి వంతుకూ ఒక స్లాట్ విలువ, అంటే ఆ వంతులో తీసుకున్నవాడికి సంతకం బోనస్‌గా నిర్ణయించిన మొత్తం, ఉంది, వాటి మొత్తమే జట్టు బోనస్ పూల్. ఒకడి దగ్గర మిగిల్చింది ఇంకొకడికి ఇవ్వొచ్చు. ఆ మొదటి ఏడాదే హ్యూస్టన్ ఆస్ట్రోస్ దీన్ని చేసి చూపింది. మొదటి వంతులో కార్లోస్ కొర్రెయాను 48 లక్షల డాలర్లకు ఒప్పించింది, ఆ స్లాట్ విలువ 72 లక్షలు. మిగిలినదాంట్లోంచి 41వ వంతులో లాన్స్ మెకల్లర్స్‌కు, స్లాట్‌కు దాదాపు రెట్టింపుగా, 25 లక్షలు ఇచ్చింది. ఇద్దరూ 2017లో ప్రపంచ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నారు. దీనికి రెండో వైపు కూడా అదే జట్టు చరిత్రలో ఉంది. 2014లో మొదటి వంతులో తీసుకున్న బ్రేడీ ఐకెన్‌తో వైద్య పరీక్ష తర్వాత ఒప్పందం కుదరలేదు. సంతకం చేయనివాడి స్లాట్ విలువ పూల్‌లోంచి పోతుంది కాబట్టి, ఆ డబ్బును నమ్ముకుని మాట్లాడుకున్న జేకబ్ నిక్స్ కూడా చేజారాడు. పరిహారంగా 2015లో వచ్చిన రెండో వంతుతో అలెక్స్ బ్రెగ్‌మన్‌ను తీసుకున్నారు.

ఆటలో మీ లీగ్ ఏ నియమంతో నడుస్తోందో ముందు తెలుసుకోండి, ఓఓటీపీలో ఇవన్నీ మార్చుకునే సెట్టింగులే. ఏ నియమమైనా, జాబితాలో ఎవరెంత బోనస్ అడుగుతున్నారో చూపే డిమాండ్ నిలువు వరుస తెరిచి ఉంచండి. 'స్లాట్' అని ఉన్నవాడితో తలనొప్పి లేదు. డాలర్ల అంకె ఉన్నవాడిని తీసుకునే ముందు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద రాసుకోండి. స్లాట్ 5 లక్షలున్న నాలుగో రౌండ్‌లో 15 లక్షలు అడిగే హైస్కూల్ కుర్రాడు కావాలంటే, అంతకు ముందో తర్వాతో ఇంకో 10 లక్షలు మిగలాలి. తొమ్మిది, పది రౌండ్లలో కాలేజీ నాలుగో ఏడాది కుర్రాళ్లను తీసుకుంటే కొంత మిగులుతుంది. వాళ్లకు బేరమాడే బలం లేదు. సంతకం చేయించడం దాదాపు అసాధ్యమని చూపించే పేర్లను మాత్రం మొదట్లోనే వడపోసి తీసేయండి. లేకపోతే అలసిపోయిన వేళ పొరపాటున నొక్కేస్తారు.

జాబితాను 1 నుంచి 50 దాకా వరుసగా పేర్చడం కంటే గుంపులుగా విడగొట్టడం మేలు. మూడు పాయింట్ల తేడా స్కౌట్ పొరపాటు కంటే చిన్నది, దాని మీద ఆధారపడి ఇతను ఏడు, అతను ఎనిమిది అనడంలో అర్థం లేదు. మీ వంతు వచ్చేసరికి పై గుంపులో ఒక్కడే మిగిలితే అతన్నే తీసుకోండి. ఆరుగురు మిగిలితే పొజిషన్, డబ్బు, గాయాల చరిత్ర చూసి తేల్చండి. పెద్ద జట్టుకు ఇవాళ థర్డ్ బేస్‌మన్ లేడని మొదటి రౌండ్‌లో థర్డ్ బేస్‌మన్ కోసం వెతకడం మాత్రం వద్దు, అతను వచ్చేనాటికి ఆ ఖాళీ ఇంకెక్కడో ఉంటుంది.

ఆన్‌లైన్ లీగ్‌లో జాబితా ముందుగా పంపాల్సి వస్తే దాని పొడవు చూసుకోండి. మీ మూడో ఎంపిక మొత్తం మీద 80వది అయితే జాబితాలో కనీసం 80 పేర్లుండాలి. అప్పుడే మీరు రాసుకున్న పేరు ఒకటైనా మిగులుతుందని హామీ. పేర్లు అయిపోతే కంప్యూటరే ఎంచుతుంది, అది మీ డబ్బు లెక్క చూడదు.

పదో రౌండ్ దాటాక అన్నీ ఉన్నవాడు దొరకడు. ఒక్క గుణం బలంగా ఉన్నవాణ్ని వెతకండి: రేంజ్ 70 ఉన్న షార్ట్‌స్టాప్, రెండే పిచ్‌లైనా వేగమున్న రిలీవర్, గ్రౌండ్‌బాల్ ఎక్కువగా రాబట్టే ఎడమచేతి పిచర్. ఆల్బర్ట్ పుహోల్స్‌ను 1999లో 13వ రౌండ్‌లో తీసుకున్నారు, మైక్ పియాజాను 1988లో 62వ రౌండ్‌లో. ఇలాంటివి అరుదే గానీ, చివరి రౌండ్లను కంప్యూటర్‌కు వదిలేసేవాళ్లకు ఆ అరుదైనది కూడా దొరకదు. ఇంకొక అవసరం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మైనర్ లీగ్‌లో ప్రతి జట్టుకూ ఇద్దరు ముగ్గురు క్యాచర్లు కావాలి. ఏటా ఇద్దరిని తీసుకోకపోతే అన్నిటికంటే కిందిదైన రూకీ స్థాయిలో ఔట్‌ఫీల్డర్ ప్యాడ్లు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.

సంతకాలు అయ్యాక హైస్కూల్ పిల్లల్ని రూకీ స్థాయిలో, కాలేజీవాళ్లను దాని పైనున్న సింగిల్-ఏ స్థాయిలో మొదలుపెట్టండి. స్థాయి మించితే తట్టుకోలేరు, తగ్గితే సవాలు ఉండదు, బెంచి మీద కూర్చుంటే ఎక్కడున్నా ఎదగరు. కొత్తవాళ్లకు ఆట దొరకాలంటే ఆ పొజిషన్‌లో ఉన్న 24 ఏళ్ల పాతవాణ్ని వదిలేయక తప్పదు. ప్రతి కుర్రాడి పేరు పక్కన రూల్ 5 (జాబితాలో చేర్చని మైనర్ ఆటగాళ్లను వేరే జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్) గడువు కూడా రాసుకోండి. 18 ఏళ్లకు లేదా అంతకు ముందు సంతకం చేసినవాణ్ని ఐదో సీజన్ ముగిసేసరికి, 19 ఏళ్లకు లేదా ఆ తర్వాత చేసినవాణ్ని నాలుగో సీజన్ ముగిసేసరికి మేజర్ లీగ్ జట్టు 40 మంది జాబితాలోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే ఆ డిసెంబరులో వేరే జట్టు పట్టుకుపోవచ్చు.