ఈ లైను ఎప్పుడు తీస్తారు?

మాది పర్లాకిమిడి. పాప 29 వారాలకే పుట్టేసింది, బరువు 1,100 గ్రాములు. అంబులెన్సులో విశాఖపట్నం తీసుకెళ్లారు. ఆపరేషన్ కుట్లతో నేను వెనకాల వెళ్లి చూసేసరికి పాప చేతిలోంచి సన్నటి గొట్టం. లాంగ్ లైన్ అంటారట, గుండె దగ్గరి పెద్ద నరం దాకా వెళ్తుందట. ఒక సిరంజిలో గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, ఇంకోదాంట్లో తెల్లగా కొవ్వు. పేగులు పాలను తట్టుకునేదాకా తిండి నేరుగా రక్తంలోకే, దీన్నే టీపీఎన్ అంటారు. మా అత్త అద్దంలోంచి ఆ తెల్లటిది చూసి "పాలే కదే, నోట్లోనే పొయ్యొచ్చు కదా" అంది.

పాపకి బలమిచ్చే ఆ కొవ్వులోనే క్రిములు కూడా బాగా పెరుగుతాయని డాక్టరమ్మ ముందే చెప్పారు. అందుకే సిస్టర్లు గొట్టం మూతిని స్పిరిట్‌తో రుద్ది, ఆరాకే సిరంజి తగిలించేవారు, కొవ్వు ఎక్కే ట్యూబు రోజూ మార్చేవారు.

అయినా వచ్చింది ఇన్ఫెక్షన్. జ్వరం లేదు, అందుకే నాకేమీ అర్థం కాలేదు. ఒళ్లు చల్లబడింది, మధ్యమధ్యలో ఊపిరి ఆపేసేది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షకి పంపారు, రిపోర్టుకి రెండు రోజులైనా పడుతుంది, అందాకా ఆగితే పిల్ల దక్కదని యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టి, ఆ లైను తీసేశారు. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అని తేలింది. మా ఆయన ఆసుపత్రి వాళ్లతో గొడవకి దిగబోయారు. నాకూ కోపమే, కానీ తల్లి నుంచి బిడ్డకి అందే రక్షణ చాలావరకు చివరి మూడు నెలల్లోనే వస్తుంది, మా పాపకి ఆ నెలలే లేవు. (చేతులు కడుక్కోకుండా ఫోన్ పట్టుకుని లోపలికి దూరే బంధువుల మీద మాత్రం నా కోపం ఇప్పటికీ పోలేదు.)

పాలు పెరిగేదాకా తప్పదని, రక్తం శుభ్రపడ్డాక మళ్లీ కొత్త లైను వేశారు. అప్పటినుంచి నాకు ఒకటే ధ్యాస, లైను బయటికి రావాలంటే పాలు లోపలికి వెళ్లాలి. రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి నా పాలు పిండి ఇచ్చేదాన్ని, ముక్కు గొట్టంలోంచి మొదట ఒక్కో మిల్లీలీటరు పోసేవారు. రౌండ్స్‌లో రోజూ అడిగేదాన్ని, "మేడమ్, ఈ లైను ఇంకా అవసరమేనా?" అని. పక్క బెడ్డు వాళ్లది గుణుపురం, ఆ ఒడియా ఆవిడకి కూడా నేనే అడిగిపెట్టేదాన్ని. రోజుకి కిలో బరువుకి 120 మిల్లీలీటర్ల దాకా పాలు అరిగించుకోగానే టీపీఎన్ ఆపేసి లైను తీసేశారు.

పాపకి ఇప్పుడు ఏడాది దాటింది. కళ్ల పరీక్ష, వినికిడి పరీక్ష రెండూ బాగానే వచ్చాయి. బరువే ఇంకా కాస్త తక్కువ, దానికి మా అత్త రోజూ నన్నే తిడుతుంది.